పిన్ని చీరలో ఊగిన కృష్ణుడు

మొన్న కృష్ణాష్టమికి నాలుగు రోజుల ముందు మా అపార్ట్‌మెంటు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజి వచ్చింది. మాది పటమట, ఐదంతస్తులు, ఇరవై వాటాలు. అష్టమి సాయంత్రం ఆరున్నరకు సెల్లార్‌లో కన్నయ్యకు ఉయ్యాల సేవ అని, అందరూ పట్టుచీరల్లో రావాలని, పిల్లలకు కృష్ణుడి వేషాలు వేయాలని రాసి, అడుగున ఒక వరుస చేర్చారు. ఉయ్యాల ఊపడానికి పిల్లల తల్లులు మాత్రమే ముందుకు రావలసిందిగా ప్రార్థన, మిగతావారు అక్షతలు వేయవచ్చు అని. పక్కన రెండు దండం బొమ్మలు, ఒక నెమలి ఈక. నేను అక్షరాలు నేర్చుకున్నది యాభై దాటాక కాబట్టి ఏది చదివినా కూడబలుక్కుని నెమ్మదిగా చదువుతాను, ఒక్క మాట వదలను. ఆ వరుస రెండుసార్లు చదివి తలెత్తేసరికి, ఎదురుగా కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న మా చిన్న కోడలు కూడా తన ఫోన్లో అదే చదివి, ఫోను బోర్లా పెట్టి మళ్ళీ చిక్కుడుకాయ అందుకుంటోంది. రెండేళ్ళలో రెండు కాన్పులు నిలవలేదు ఆ పిల్లకు. రెండోది ఏడో నెలలో పోయింది.

నాకు కోపం వచ్చింది. ఈ వయసులో కోపం మంచిది కాదని డాక్టరు బీపీ బిళ్ళ ఇస్తాడు గానీ, ఇది అరవై ఏళ్ళ కిందటి కోపం, బిళ్ళకు లొంగేది కాదు. నా ఈడు వాళ్ళకు ఇది చెప్పుకుంటే అర్థమవుతుందని రాస్తున్నాను. మీ ఇళ్ళల్లోనూ ఇలాంటిది జరిగే ఉంటుంది, మీరూ చూస్తూ ఊరుకునే ఉంటారు.

మా పుట్టిల్లు పామర్రుకు నాలుగు మైళ్ళ లోపలి పల్లెటూరు. నాయనమ్మ, అమ్మ, నాన్న, బాబాయి, పిన్ని, మేము ఐదుగురు పిల్లలం, అందరం ఒకటే కుంపటి. అష్టమి వచ్చేసరికి నాట్లు అయిపోయి కలుపుతీతలు మొదలయ్యేవి. పంతుళ్ళ ఇళ్ళల్లో కృష్ణుడు అర్ధరాత్రి పుట్టేవాడు గానీ, మా కాపు ఇళ్ళల్లో తెల్లారితే చేలోకి దిగాలి కాబట్టి దీపాలు పెట్టే వేళకే పుట్టించేవాళ్ళు, ఆయన కూడా ఏమీ అనుకోకుండా మా వేళకే పుట్టేవాడు. నడిమింట్లో దూలానికి చీర ఉయ్యాల కట్టి, అందులో జానెడు ఇత్తడి కృష్ణుణ్ణి పడుకోబెట్టి, ఇంటి ఆడవాళ్ళు, ఇరుగుపొరుగు ఆడవాళ్ళు పాట పాడుతూ ఒకరి తర్వాత ఒకరు ఊపేవాళ్ళు. ఆ చీర ఏది పడితే అది కాదు. కన్న పిల్లలందరూ బతికి ఉన్న తల్లి కట్టి విడిచిన చీర కావాలి. మా ఇంట్లో అది అమ్మ చీర. ఐదుగురం పుట్టి ఐదుగురమూ నిలిచామన్నది అమ్మకు ఆ ఊళ్ళో ఉన్న పెద్ద గొప్ప, అందులో ఆమె చేసింది ఏమిటో ఇప్పటికీ నాకు తెలియదు.

పిన్ని హనుమాన్ జంక్షన్ వైపు పిల్ల. ఎనిమిదేళ్ళలో నాలుగు కాన్పులు. ఒకడు పురిట్లోనే పోయాడు, ఇద్దరు పదిరోజులు చూడలేదు, నాలుగోది ఆడపిల్ల, కింద రెండు పళ్ళు వచ్చేదాకా ఉంది. ఆ పిల్లను నేను చంకనేసుకుని తిప్పాను, నాకు దాని బరువు గుర్తుంది. అది పోయాక పిన్ని ఇక కనలేదు. మా జడలు వేసింది, పేలు చూసింది, జ్వరం వస్తే పక్కన పడుకుంది. అష్టమి పనంతా కూడా ఆమెదే. వెన్న చిలకడం, అటుకులు బాగుచేయడం, శొంఠి, మిరియాలు, బెల్లం వేసి కాయం దంచడం. బాలింతకు పెట్టే కాయం అది, ఆ రోజు కృష్ణుడి ముందు కూడా పెడతారు. అంతా చేసి, ఉయ్యాల వేళకు చేతులు తుడుచుకుంటూ వంటింటి గడప దాకా వచ్చేది. నువ్వు అవతలుండమ్మా అని నాయనమ్మ ప్రతి ఏడూ చెప్పేది. ప్రతి ఏడూ పిన్ని ఆగిపోయేది, మళ్ళీ ఏడు మళ్ళీ వచ్చేది.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు బాబాయి బందరు వెళ్ళి తోడికోడళ్ళిద్దరికీ ఒకే రకం చీరలు తెచ్చాడు, పసుపు రంగు, ఎర్రంచు. వేరువేరుగా తెస్తే ఒకరికి మంచిది ఇంకొకరికి చెడ్డది అవుతుందని ఆయన భయం. ఆ అష్టమి నాడు దండెం మీద రెండు చీరలూ ఆరుతున్నాయి. నాయనమ్మకు కళ్ళలో శుక్లాలు, కానీ ఉయ్యాల కట్టడం ఇంకొకరికి ఇచ్చేది కాదు. చేతికందింది లాగి కట్టేసింది.

పాట మొదలైంది. అమ్మ ఊపింది, పక్కింటి అత్త ఊపింది. నేను కింద కూర్చుని చూస్తుంటే, ఉయ్యాల వెనక్కి వెళ్ళినప్పుడు చెంగు మీద వేలెడు మాసిక కనిపించింది. పొయ్యి నిప్పురవ్వ పడి కాలితే పిన్ని వేసుకున్న మాసిక, సూదిలో దారం ఎక్కించి ఇచ్చింది నేనే. పిన్ని వైపు చూశాను. ఆమె అప్పటికే చూసింది. గడప అవతల నిలబడి, రోకలి చేతిలో అలాగే పట్టుకుని, ఉయ్యాల ఇటు వస్తే ఇటు, అటు వెళ్తే అటు తల ఊపుతోంది. పెదవులు కదులుతున్నాయి. అందరూ పాడుతున్న పాట కాదు, ఆ పళ్ళు వచ్చిన పిల్లను నిద్రపుచ్చడానికి పాడుకునే పాట.

అప్పుడు నేను నోరు మూసుకుని ఉంటే ఆ పూట అలా జరిగిపోయేది. కానీ నాకు సంతోషం ఆగలేదు.

“పిన్నీ, కృష్ణుడు నీ చీరలో ఊగుతున్నాడు చూడు” అన్నాను, అందరికీ వినబడేలా.

పాట ఆగింది. నాయనమ్మ మాసిక దగ్గర చేత్తో తడిమి చూసింది. కృష్ణుణ్ణి పైకి తీసి అమ్మ చేతిలో పెట్టి, పిన్ని వైపు తిరిగి, “ఏమే, నీ నలుగురూ చాల్లేదా, వీణ్ణి కూడా మింగుదామనుకున్నావా?” అంది. చీర ముడి రాకపోతే కొడవలి తెచ్చి కోశారు. విగ్రహాన్ని పసుపునీళ్ళతో కడిగారు. బాబాయి అరుగు మీద ఉన్నాడు, అంతా విన్నాడు, చుట్ట వెలిగించుకున్నాడు. అమ్మ మీద నా కోపం ఇంకా పెద్దది. రెండూ ఒకే రకం చీరలు, మాసిక ఎవరు వేసుకున్నారో నాయనమ్మకు ఏం తెలుసు. “అది నా చీరే అత్తా” అని ఒక్క అబద్ధం ఆడితే చాలు. ఆడలేదు. పెట్టెలోంచి తన ఇంకో చీర తెచ్చి ఇచ్చింది. పిన్ని ఏడవలేదు. కోసిన ముక్కలు రెండూ తీసుకుని మడతపెట్టి, లోపలికి వెళ్ళి, దంచిన కాయం గిన్నెలో తెచ్చి గడప మీద పెట్టింది. దాన్ని అమ్మ అందుకుని దేవుడి ముందు పెట్టింది. పాట మళ్ళీ మొదలైంది.

మర్నాడు నాయనమ్మను అడిగాను, పిన్ని ఊపితే ఏమవుతుందని. శాస్త్రాల్లో రాసి ఉందే, నీకేం తెలుసు అంది. నిజమే, నాకేం తెలుసు. అన్నలు పామర్రు బడికి వెళ్ళేవాళ్ళు, నేను దూడలను చూసుకునేదాన్ని. రాసి ఉందంటే ఉందనుకున్నాను. అనుకోవడమే కాదు, చేశాను కూడా. నా పెద్దకొడుకు బారసాల నాడు పిల్లలు లేని మా ఆడపడుచు ఉయ్యాల దగ్గరికి వస్తే, వదినా, నువ్వు కాసేపు ఆగు అన్నది ఈ నోరే. ఆమె ఇప్పుడు లేదు. ఎవరి మీద ఎంత కోప్పడినా ఆ ఒక్క మాట దగ్గరికి వచ్చేసరికి నాకు నేనే దొరుకుతాను.

మా ఆయన పోయాక పిల్లలతో బెజవాడ వచ్చాను. పక్క వాటాలో రిటైరైన టీచరమ్మ పొద్దుపోక నాకు అ ఆలు దిద్దించింది. గుణింతాలు రావడానికి ఒక వేసవి పట్టింది. చదవడం వచ్చాక మొదట పట్టుకున్నది కృష్ణుడి కథ ఉన్న పెద్ద అచ్చు పుస్తకం. ఆ పుట్టుక ఒక్కటి చదవడానికే వారం పట్టింది. శాస్త్రంలో రాసి ఉందని నాయనమ్మ అన్న ఆ మాట కోసం వెతుకుతూ చదివాను. ఆ మాట లేదు. దాని బదులు దేవకి ఉంది. కళ్ళ ముందే ఆరుగురిని పోగొట్టుకున్న మనిషి. ఏడోది కడుపులోనే పోయిందని ఊరంతా అనుకున్న మనిషి. అలాంటిదాన్ని ఏ పేరంటానికి పిలుస్తారు మీరు? ఏ ఉయ్యాల ముట్టనిస్తారు? లోకంలో పిల్లలు నిలిచిన తల్లులు ఎందరో ఉండగా, దేవుడు వాళ్ళందరినీ దాటుకుని వచ్చి ఆ కడుపునే పడ్డాడు.

టీవీలో పెద్దలు చెబుతారు, మన హృదయమే చెరసాల, అహంకారమే కంసుడు, లోపల జ్ఞానం పుట్టడమే కృష్ణుడు పుట్టడం అని. కాదనను, విని దండం పెడతాను. కానీ దేవకి సంకెళ్ళు అహంకారంతో చేసినవి కావు, ఇనుముతో చేసినవి, పోయిన పిల్లలు నెత్తురు పిల్లలు. ఆ పుట్టుకను నేను ఇలాగే అర్థం చేసుకున్నాను. ఎవరిని అవతలుండమంటారో వాళ్ళ దగ్గరికే ఆయన వస్తాడు. మా ఇంట్లో బాలింత కాయం దంచి పెట్టింది దేవకి కోసం. దంచిన మనిషిని మాత్రం గడప దాటనివ్వలేదు.

అందుకే ఆ మెసేజి చూసిన సాయంత్రం లిఫ్టులో కిందికి దిగి, సెల్లార్‌లో తోరణాలు కొలుస్తున్న అమ్మాయిల దగ్గరికి వెళ్ళాను. అందరూ ఉద్యోగాలు చేసేవాళ్ళే, కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మా రోజుల్లో నాలా భర్త పోయినదాన్ని ఎదురు రానిచ్చేవాళ్ళు కాదు, అంతవరకు మారారు.

“మేం ఎవరినీ ఉద్దేశించి పెట్టలేదండి మామ్మగారూ. యూట్యూబులో ఒకావిడ చెప్పారండి, పాజిటివ్‌గా ఉంటుందని” అంది మెసేజి పెట్టిన అమ్మాయి.

“దేవకి వస్తే ఏ వరుసలో నిలబెడతారమ్మా?” అన్నాను. “పిల్లల తల్లుల్లోనా, మిగతావారిలోనా?”

ఒకమ్మాయి ముఖం తిప్పుకుంది, ఎందుకో నాకు తెలియదు, అడగలేదు. కాసేపటికి ఆ వరుస తీసేసి, అందరూ ఊపవచ్చని కొత్త మెసేజి పెట్టారు. పండగ పూట ఆ అమ్మాయిలే పైకి వచ్చి, కోడలికి బొట్టు పెట్టి మరీ పిలిచి వెళ్ళారు. నేను గెలిచాననుకున్నాను.

వెళ్దాం పదమ్మా అని ఆరున్నరకు కోడలి గదిలోకి వెళ్ళాను. పట్టుచీర కట్టుకుని, పూలు పెట్టుకుని మంచం మీద కూర్చుని ఉంది.

“నేను రానండి అత్తయ్యగారూ” అంది. “మీరు వెళ్ళి నిలదీస్తే ఇచ్చిన ఉయ్యాల తాడు కదా అది. నేను పట్టుకుంటే కృష్ణుణ్ణి ఎవరు చూస్తారు? నన్నే చూస్తారు. పాపం ఈసారి నిలవాలి అని మనసులో అనుకుంటారు కూడా. ఆ జాలి నాకొద్దు.”

నేనూ వెళ్ళలేదు. ఆమె పక్కనే కూర్చున్నాను. లిఫ్టు సందులోంచి మైకు పాట పైకి వస్తోంది. నాయనమ్మతో అయితే ఇప్పుడు నేను పోట్లాడగలను, పుస్తకం తెరిచి ఏ పేజీలో ఉందో చూపించవే అనగలను. ఆవిడ అడ్డంగా నిలబడే మనిషి, అడ్డంగా నిలబడ్డవాళ్ళను తోసుకునైనా వెళ్ళవచ్చు. ఈ కాలం వాళ్ళు అడ్డు నిలబడరు, తప్పైతే దిద్దుకుంటారు, ఇంటికి వచ్చి బొట్టు పెడతారు. దారి అంతా ఖాళీగానే ఉంది. అయినా పిల్ల లేవడం లేదు. ఇక నేను ఎవరిని తిట్టను?