పడవకు తొడుగు

ప్రేమానందం గారిది కాకినాడ. అమెరికా వెళ్లి, ట్రాయ్‌ అనే ఊళ్లో ముప్పై ఏళ్లు కార్ల బంపర్లు డిజైన్ చేసి రిటైరయ్యారు. ఊరికే కూర్చోలేని మనిషి. హ్యూరాన్ సరస్సు ఒడ్డున ఒక చిన్న మ్యూజియంలో పాత లైఫ్‌బోట్‌ను బాగుచేస్తున్నారని విని, ప్రతి శనివారం రెండు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్లడం మొదలుపెట్టారు.

అది వందేళ్లు దాటిన చెక్క పడవ. ఒక నవంబరు తుఫానులో, మునిగిపోతున్న సరుకు ఓడ నుంచి పదకొండు మందిని ఒడ్డుకు చేర్చింది. ఆ రోజు తెడ్లు వేసినవాళ్లలో ఒకాయన మనవడు ఎర్ల్. ఎనభై ఏళ్ల ఆ ముసలాయన పుచ్చిన పలకను తీసి, కొత్తది చెక్కి, అమర్చేవాడు. ఏడాదికి నాలుగు పలకలైతే గొప్ప.

ఆ నత్తనడక ప్రేమానందం గారికి నచ్చలేదు. పడవంతటికీ ఫైబర్‌గ్లాస్ తొడుగు వేసేస్తే యాభై ఏళ్లు చూసుకోనక్కర్లేదని మ్యూజియం కమిటీకి స్లైడ్లు వేసి మరీ చూపించారు.

"చెక్క తడుస్తుంది, ఆరుతుంది. ఆరనివ్వకపోతే చస్తుంది" అన్నాడు ఎర్ల్.

"మీ దగ్గర డేటా ఉందా?"

గదిలో ఎవరో నవ్వారు. ఎర్ల్ మళ్లీ నోరెత్తలేదు.

ఇంటికొచ్చి చెబితే భార్య లూసీ గారు ఊరుకోలేదు. ఆవిడ తాళ్ళరేవు పడవల మేస్త్రి కూతురు. "మా నాన్న కూడా అదే అనేవాడండీ. ఆ పెద్దాయన్ని కూర్చోబెట్టి కనుక్కోకపోయారా?"

"మీ నాన్న టైంలో ఈ మెటీరియల్స్ ఎక్కడివి లూసీ!" అని కొట్టిపారేశారాయన.

తొడుగు వేశారు. తెల్లరంగు కొట్టాక పడవ కొత్తదానిలా మెరిసింది. ఊరి పేపర్లో ప్రేమానందం గారి ఫొటో కూడా పడింది.

ఎనిమిదేళ్లకు ఎర్ల్ పోయాడు. ఆ మరుసటి వేసవిలో పడవను కొత్త షెడ్డులోకి మార్చబోతే, క్రేన్ పట్టీలు బిగియగానే దాని పొట్ట లోపలికి కుంగిపోయింది. తొడుగు కోసి చూశారు. ఇన్నేళ్లూ ఆరుబయటే ఉన్న పడవలోకి పైనుంచి దిగిన వాననీరు బయటికి పోయే దారిలేక, చెక్క నానిన రొట్టెలా చేతికొచ్చింది. ఎర్ల్ అమర్చిన పలకలూ మిగల్లేదు.

ప్రేమానందం గారు ఎర్ల్ కూతురి ఇంటికి వెళ్లి, తలుపు దగ్గరే నిలబడి జరిగింది చెప్పారు.

"నాన్నకు ముందే తెలుసు" అన్నదామె. "తొడుగు వేసిన మూడో ఏటి నుంచీ ఆదివారాలు వెళ్లి, పిడికిలితో తట్టి చూసేవాడు. డొల్లగా మోగుతోందనేవాడు."

"మరి నాకొక్క మాట చెప్పలేదేం?"

"నేనూ అదే అడిగాను. ఒకసారి చెప్పాను కదమ్మా, అన్నాడు."

మూడో ఏడంటే, తొడుగు తీసేస్తే పడవ దక్కే రోజులే. ఆ సంగతి ఆయనకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు.

మ్యూజియంలో ఇప్పుడు పడవ ముక్కు కర్ర, నాలుగు పాత పలకలు మాత్రం మిగిలాయి. "కాలక్రమంలో శిథిలమైంది" అని కమిటీ బోర్డు రాయించింది. కాలం కాదు, నేను చేసిన పని అని రాయమని ఆయన ఎంత చెప్పినా వాళ్లు ఒప్పుకోలేదు. అందుకని శనివారాలు ఆ బోర్డు పక్కనే నిలబడతారు. ఎవరైనా ఆగి అడిగితే మొదటినుంచీ దాచకుండా చెబుతారు. చాలామంది ఆగరు.