దిగు నాయనా

మా మేనత్త పోయింది. పుంగనూరు నుంచి మామ ఫోను చేసి, "మీయత్త ఇంక లేదమ్మా. కాఫీ తాగి గ్లాసు కింద పెట్టింది, అంతే," అన్నాడు. ఫోను పెట్టేశాక నేను చేసిన మొదటి పని చెబితే నవ్వుతారు. మదనపల్లెలోని మా ఇంట్లో ఉన్న కుర్చీలూ బల్లా బీరువా అన్నిటినీ చేత్తో కదిలించి చూశాను. ఏదీ కదల్లేదు. అన్నీ ఆమె బిగించినవే.

ఫోన్లో బుక్ చేస్తే అట్టపెట్టెలో పలకలు పలకలుగా వచ్చే సామాను మీ ఇళ్ళలోనూ ఉండే ఉంటుంది. చెక్కపొడితో చేసిన బోర్డులు, గుప్పెడు స్క్రూలు, తిప్పడానికి ఒక ఎల్ కీ, ఎవరికీ అర్థం కాని బొమ్మల కాగితం. ఇంటాయన ఆదివారం పూట చెమటలు కక్కుతూ బిగిస్తాడు. సోమవారానికి అది ఊగడం మొదలుపెడుతుంది. మా చుట్టాల్లో ఎవరింట్లో ఏది ఊగినా కబురు అత్తకే వెళ్ళేది. మామది కుట్టుమిషన్లు రిపేరు చేసే అంగడి. అంగట్లో ఉండాల్సిన పనిముట్లు సగం అత్త సంచీలోనే ఉండేవి, మామ వెతుక్కుంటూ ఉండేవాడు.

రాగానే "యారప్పా దీన్ని బిగిచ్చింది?" అని గొంతు పెంచేది. బిగించిన మహానుభావుడు అప్పటికే పెరట్లోకి జారుకుని ఉండేవాడు. వదులైన చోట బిగించి ఊరుకునే రకం కాదామె. ముందు స్క్రూలన్నీ వదులు చేసి, సామాను సమంగా నిలబెట్టి, ఆ తర్వాతే మూలమూలకీ కొంచెం కొంచెంగా బిగించుకుంటూ వచ్చేది. "ఒక మూలకే మర్యాద సేస్తే ఇంకో మూల అలుగుతాది" అనేది. బీరువా అయితే వెనక అట్ట పలక ఊడదీసి, ఈ మూల నుంచి ఆ మూలకు దారం లాగి కొలిచి మళ్ళీ కొట్టేది. "నిలబడేదానికి వీపు గట్టిగా ఉండల్ల. మనిషికైనా అంతే." స్క్రూ రంధ్రం పెద్దదైపోతే కాలిపోయిన ఊదుబత్తి పుల్లలు విరిచి, జిగురు రాసి అందులో కుక్కేది. అందుకే ఆమె బాగుచేసిన బీరువా తలుపు తీస్తే చాలాకాలం పూజగది వాసన వచ్చేది.

చివరి స్క్రూ తిప్పేటప్పుడు మాత్రం గొంతు తగ్గించి "దిగు నాయనా, దిగు" అనేది. మేకు దిగింది, స్క్రూ దిగలేదు అని మనందరం అంటాం కదా, అలాగే అనుకునేవాళ్ళం. "స్క్రూను అంత బతిమాలాల్నా అత్తా?" అని నేను ఎగతాళి చేస్తే, "మర్యాదగా సెప్తే యారైనా దిగుతారు" అనేది.

ఖాళీ ఉయ్యాల ఊపకూడదని మన పెద్దవాళ్ళందరూ చెప్తారు. అత్తకు ఆ పట్టింపు ఉయ్యాలతో ఆగలేదు. కుర్చీ అయినా, బల్ల అయినా, ఖాళీది ఊగితే ఆమెకు ప్రాణం ఒప్పేది కాదు. కుప్పంలో మా చిన్నాన్న కూతురు అద్దెకు దిగిన ఇంట్లో బట్టల బీరువా ఊగుతోందంటే నన్నూ వెంటబెట్టుకుని వెళ్ళింది. దారం సరిపోయింది, నేల బండలు సమంగా ఉన్నాయి, అయినా అది మెల్లగా అటూ ఇటూ పోతోంది. అత్త నేల మీద కూర్చుని అడుగు స్క్రూ తిప్పుతూ "దిగమ్మా" అంది. స్క్రూ కింద ఉంది. ఆమె చూపు మాత్రం బీరువా నెత్తి మీద ఉంది. ఆమెకు వయసు మీద పడింది కదా, మెడ నొప్పేమో అనుకున్నాను.

ఇక నా సంగతి. నాకు మొదట ఒక కొడుకు పుట్టాడు. కళ్ళు తెరిచీ తెరవకముందే పోయాడు, పేరు కూడా పెట్టలేదు. చాలా ఏళ్ళ తర్వాత మళ్ళీ కడుపు పండింది. మా ఆయన సంతోషం పట్టలేక, ఫోన్లో ఆఫరు కనిపించిందని, ఏడో నెలలోనే పిల్లల మంచం తెప్పించి బిగించేశాడు. బిడ్డ పుట్టకముందు ఉయ్యాల ఇంట్లోకి తేకూడదంటారు. "ఇది ఉయ్యాల కాదు కదమ్మా, మంచం" అన్నాడు ఆయన. వాళ్ళమ్మ, అంటే మా అత్తగారు, "తెచ్చినారా" అని ఊరుకుంది. ఆమె తిట్టి ఉంటే నాకు అంత భయం వేసేది కాదు.

ఆ మంచం ఊగింది. మిట్టమధ్యాహ్నం, ఫ్యాను ఆపేసి, కిటికీ వేసి ఉన్నప్పుడు, లోపల ఎవరో ఒత్తిగిలినట్టు కిర్రుమని ఆగేది. కాళ్ళ కింద అట్టముక్కలు పెట్టాం, ఇంకో గదికి మార్చాం. అక్కడా అంతే. ఈ బిడ్డ కూడా నాకు దక్కదేమో అనే మాట మనసులోకి వచ్చి కూర్చుంది. ఏడుస్తూ మేనత్తకు ఫోను చేశాను.

వచ్చింది. ఈసారి ఎవరినీ తిట్టలేదు. స్క్రూలన్నీ ఊడదీసి పేపరు మీద పరిచింది, స్క్రూడ్రైవరు పక్కన పెట్టింది. విప్పిన పలకలు గోడకు ఆనించి, పరుపు వేసే చెక్క మీద చెయ్యి పెట్టి చాలాసేపు అలాగే కూర్చుంది. అప్పుడంది. "దిగు నాయనా. ఇది నీది కాదు, నీ చెల్లెలిది. నాతో వచ్చేయ్, మనింటికి పోదాం."

"స్క్రూలన్నీ ఈడ ఉండాయి కదత్తా... యారితో అంటాండావు?"

"ఎదురుసూసి ఎదురుసూసి వచ్చినాడులేమ్మే. తప్పా? అమ్మ కాడికి రాక యాడికి పోతాడు?" అంది, కళ్ళు తుడుచుకోకుండానే మంచం మళ్ళీ బిగించడం మొదలుపెట్టింది.

ఆ తర్వాత ఆ మంచం ఎన్నడూ కదల్లేదు. నాకు కూతురే పుట్టింది. అందులోనే బోర్లా పడింది, అందులోనే లేచి నిలబడింది. అత్తంటే నాకున్నది కృతజ్ఞత ఒక్కటే అని చెప్పలేను. భయం ఉండేది. అసూయ కూడా ఉండేది, ఎందుకో మీకు తెలుస్తుంది.

పుంగనూరులో ఆమెను తీసుకుపోతుంటే అందరూ ఆమె ముఖం చూసి ఏడుస్తున్నారు. నాకు మాత్రం మంచం బిగించిన ఆ సాయంత్రం బస్టాండులో చూసినదే కళ్ళముందు ఆడుతోంది. వద్దంటున్నా వినకుండా ఆమెను సాగనంపడానికి నేనే వెళ్ళాను. బస్సు నిండిపోయింది. అత్త పక్కన కిటికీ సీటు ఖాళీగా ఉంది. ఎవరో ఒకామె కూర్చోబోతే అత్త ఆ సీటు మీద అరచెయ్యి ఆనించి, "ఈడ మనిషుండాడమ్మా" అంది. ఆ వచ్చినామె నా వైపు చూసింది, నేను ఎక్కుతానేమో అనుకుని. నేను ఎక్కలేదు. బతికుంటే వాడికి కిటికీ సీటు కోసం పేచీ పెట్టే వయసు. బస్సు కదిలింది. అత్త ఆ ఖాళీ సీటు మీదుగా వంగి, దుమ్ము పడకుండా అద్దం సగం వేసి, పిల్లాడు బయటికి వంగకుండా పట్టుకున్నట్టు చెయ్యి అడ్డం పెట్టింది. నేను అత్తకు చెయ్యి ఊపలేదు. కిటికీకి ఊపాను, బస్సు మలుపు తిరిగేదాకా.