పోతుతాడి కాయ

ద్వారకా నగర్‌లో బస్సు దిగగానే కాలుతున్న తేగల వాసన తగిలింది. తోపుడు బండి మీద చిన్న కుంపటి, పక్కన తేగల కట్టలు, వెనక ఒక ముసలమ్మ. బండి తీయమని ఒక కుర్రవాడు ఆమెను గదమాయిస్తున్నాడు. వెనక హాల్లో సభ అట. చెట్లు పెట్టే తిండే రేపటి తిండి అని గుమ్మానికి ప్లాస్టిక్ బ్యానరు కట్టారు. దాని ముందు తేగల బండి అడ్డమట! ఒళ్లు మండింది. రెండు కట్టలు కొని అక్కడే నిలబడి ఒలుచుకు తిన్నాను. పైడయ్య మావ ఉంటే ఆ బండిని హాల్లోకే తోసేవాడు.

పైడయ్య నాకు చుట్టం కాదు. ఎనభైల మొదట్లో గాజువాక అవతల ఒక కాంట్రాక్టరు యార్డులో నేను కూలీని, ఆయన మా మేస్త్రి. అంతకుముందు కల్లు గీసేవాడు. ఫ్యాక్టరీ కోసం ఊరు ఖాళీ చేయించాక, తాటిచెట్లెక్కిన కాళ్లతోనే ఇనుప స్తంభాలు ఎక్కడం మొదలుపెట్టాడు. యార్డు అంచున పాకల్లో ఉండేవాళ్లం. చుట్టూ తాటిచెట్లు. ఎండాకాలం ముంజెలు, వానల్లో తాటిపండు గుజ్జుతో రొట్టె, చలికి తేగలు. బియ్యం నిండుకున్న పూట పిల్లల కడుపు ఆ చెట్లే చూసేవి. నేను బడి మొహం చూడకుండా పొట్లాల కాగితాల మీద చదవడం నేర్చుకున్నవాణ్ని. చెట్లను కూడా చదివేశాననుకున్నాను.

ఒకసారి లారీల దారి కోసం చెట్లు కొట్టాల్సి వచ్చింది. మావ కూతురి ఊరు వెళ్లాడు. కృష్ణా జిల్లా నుంచి వచ్చిన మా ఇంజనీరు మంచివాడే. "అన్నీ ఎందుకయ్యా? కాసేవి ఉంచి కాయనివి తీసెయ్యండి. నువ్వే గుర్తు పెట్టు," అని సున్నం డబ్బా నా చేతికిచ్చాడు. పోతుతాళ్లు మగచెట్లు, పూస్తాయి గానీ కాయవు. వాటి నుంచి వచ్చేది కల్లొక్కటే, తాగుబోతుల చెట్లు, పీడ వదులుతుందని అందరితో అన్నాను. ఒక్కటి మిగల్చకుండా సున్నం పూశాను. ఆడచెట్లు, పెంటితాళ్లు, ఏడు నిలిచాయి. తిండిచెట్లను కాపాడానని ఛాతీ విరుచుకుని తిరిగాను.

మావ తిరిగొచ్చి, నరికిన మొదళ్లను ఒక్కొక్కటే కాలితో తడిమాడు.

"మొగోలందర్నీ సంపీసినావేటల్లుడూ?"

"కాయనివే కదా మావా."

"మీ బాబేటైనా కాసినాడేట్రా? నిన్ను కన్నాది మీ యమ్మ కదేటి! మరాడ్ని కూడా కొట్టీసుండాల్సింది."

పాకల్లో ఆడవాళ్లు పగలబడి నవ్వారు. మావ నవ్వలేదు. చుట్టూ నేలంతా అప్పటికే చదును చేసేశారు. పుప్పొడి రావడానికి కనుచూపు మేరలో మరో పోతుతాడు లేదు.

మాఘం వెళ్లాక పెంటితాళ్లు గెలలు వేశాయి. పిందెలు కట్టినట్టే కట్టి, ఎండి రాలిపోయాయి. పక్క పాక సింహాచలమ్మ వాటిని ఒడిలో ఏరుకొచ్చి నా ముందు గుమ్మరించింది. "ఇదిగోరా సదువుకున్నోడా, వండుకు తిను. నా పిల్లలకేటి ఎట్టమంటావు?"



మర్నాడు మావ నన్ను అచ్యుతాపురం వైపు తీసుకెళ్లాడు. ఎరిగినవాళ్ల పొలం గట్టున పోతుతాడెక్కి, వేళ్లలా వేలాడే పూతకాడలు కోసి తడిగోనెలో చుట్టాడు. తిరుగు బస్సులో కండక్టరు వాసన పట్టాడు. "ఏటి బావా, కల్లుకుండ ఎక్కడ దాసినావు?"

"కుండ కాదు బావా, పెళ్లికొడుకుని తీసుకెల్తన్నాను. ఆడికీ టిక్కెట్టు కొట్టీ."

మోకాలు వాచి నిచ్చెన ఎక్కడమే మానేసిన మనిషి, ఆ మధ్యాహ్నం మోకు బిగించి ఏడు చెట్లూ ఎక్కాడు. అప్పుడే విచ్చుకుంటున్న కొత్త గెలల పైన పూతకాడలు దులిపి, పక్కనే కట్టాడు. పడితే పట్టుకుంటానన్నట్టు నేను కింద చేతులు చాచి నిలబడ్డాను. "అడ్డు లెగరా! ఇద్దరం సస్తే మిగతా సెట్లకెవుడు కడతాడు?" అని పైనుంచి అరిచాడు.

నాలుగు చెట్లు కాశాయి. ఆలస్యంగా, కొద్దిగా. మొదటి గెల సింహాచలమ్మ పాక ముందు దించాడు. పిల్లలు ఎగబడ్డారు. నేను దూరంగా ఉండిపోతే ఒక కాయ చెక్కి తెచ్చి నా చేతిలో పెట్టాడు. "తిను. తాగుబోతుల సెట్టన్నావే, దాని కాయే ఇది."

మిగిలినవి పండాక టెంకలు పాతరవేశాడు. చలికాలం తేగలు తవ్వుతూ కొన్ని వదిలేస్తుంటే ఎందుకని అడిగాను. "ఏది పోతో ఏది పెంటో పూసినవరకూ తెల్దురా. అందాకా అన్నీ బతకాల."

ఆయన పోయాడు. ఆ యార్డూ లేదు, ఆ ఏడు చెట్లూ లేవు. యార్డు వదిలేటప్పుడు ఆ టెంకల్లో రెండు తెచ్చుకుని ఆటోనగర్ దగ్గర మా ఇంటి గోడవార పాతాను. ఒకటే బతికింది. పూయడానికి పదిహేనేళ్లకు పైనే పట్టింది. పోతుతాడు.

పోయిన వేసవిలో మా కోడలు దాని కింద నిలబడి, "మావయ్యా, ఇదెలాగూ కాయదు కదా. మట్టలు కారు మీద పడతన్నాయి. కొట్టించీద్దామేటి?" అంది. ఆమె చేతిలో ముంజెల గిన్నె ఉంది. వెనక వీధిలో ఉన్న ఒకే ఒక్క పెంటితాడి కాయలవి.

"నువ్వు తింతన్నవి దీని కాయలేనమ్మా," అన్నాను.

నోటిదాకా వచ్చిన ముంజెను ఆపి, ఆమె చెట్టు పైకి చూసింది.