మేష్టారి పంచెకు అంటిన మసి

మా రైల్వే బడి సైన్సు మేష్టారు ఈ ఫాల్గుణంలో పోయారు. బిలాస్‌పూర్ కాలనీలో మా తెలుగువాళ్ల పిల్లలందరికీ చదువు చెప్పిన మనిషి కనుక ఆరోజు క్వార్టర్లన్నీ ఆయన వాకిట్లోనే ఉన్నాయి. అందరూ ఏడ్చారు. నాకు ఏడుపు సరిగ్గా రాలేదు. ఆయన చివరిదాకా అడిగిన ఒక్క పువ్వును చూపించలేకపోయానన్న బాధే మిగిలింది. అది ఎందుకు పూయలేదో అప్పటికి నాకు తెలియదు.

ఆదివారాలు ఆయన నా ట్రాలీ ఎక్కి కట్ని లైను అడవుల్లోకి వచ్చేవారు. నేను లైను ఇన్‌స్పెక్టరును. పట్టాలు నేను చూసుకుంటే, పట్టాల పక్క మొక్కలు ఆయన చూసుకునేవారు. సదర్ బజారు కొట్లలో పొట్లాలకు ఉంచిన పాత పేపర్లు అడిగి తెచ్చి, వాటి మధ్య మొక్కలు పరిచి, పైనా కిందా చెక్కలు పెట్టి బిగించేవారు. వానాకాలంలో అవి ఆరవు కదా, ఆ కట్టను లోకో షెడ్డుకు మోయించి ఇంజను వెచ్చదనానికి పెట్టించేవారు. డ్రైవర్లు 'మేష్టారి అప్పడాలు' అని నవ్వితే ఆయనకు కోపం. కోపం ఆయనకు తొందరగానే వచ్చేది, తొందరగానే పోయేది.

"పేరు లేని మొక్కని ఆవు మేసీసినా అడిగే నాథుడుండడయ్యా" అనేవారు.

కొన్నేళ్ల కిందట ఎండాకాలంలో, ఒక గుట్ట మలుపు దగ్గర, ఆకన్నది లేకుండా నేలలోంచి నేరుగా లేచిన పసుపు పువ్వు కనిపించింది. మేష్టారు మోకాళ్ల మీద కూలబడి చాలాసేపు లేవలేదు. ఇంటికొచ్చేసరికి పంచె మోకాళ్ల దగ్గర నల్లటి మసి.

"ఏటండీ ఇది, బొగ్గుల్లో దొర్లినారేటి?" అంటూ మేష్టారి భార్య, మా అందరికీ అమ్మగారు, కొంగుతో దులిపారు. మేము నవ్వుకున్నాం. ఆ మసి ఎక్కడిదని ఎవరమూ ఆలోచించలేదు.

కలకత్తా వృక్షశాస్త్ర పండితులు, మేష్టారు ఆరబెట్టి పంపిన ఆ పువ్వును చూసి, కొత్త జాతిలాగే ఉంది గానీ కాయ కూడా చూస్తేగాని పేరు పెట్టలేమన్నారు.

"పువ్వు చుట్టమయ్యా, కాయే ఇంటి మనిషి. ఇంటి మనిషిని అడక్కుండా వంశం ఎలా తెలుస్తాది?" అన్నారు మేష్టారు. ఆ కాయ కోసమే ఇక ఆయన ఎదురుచూపంతా.

ఇంజను నిప్పురవ్వలకు అడవి అంటుకోకుండా, ఎండలు ముదరకముందే లైను పక్క గడ్డిని, పట్టాల పని చేసే మా గ్యాంగువాళ్లే తగలబెడతారు. ఆ మలుపులో మాత్రం కాల్చొద్దని మేష్టారు నా చెయ్యి పట్టుకుని అడిగారు. చుట్టూ రాళ్లు పేర్పించాను, గడ్డిని కొడవళ్లతో కోయించాను, నిప్పు దగ్గరికి రాకుండా కాపలా పెట్టించాను. ఏటా వానల్లో ఆకులు వచ్చేవి. పువ్వు మళ్లీ రాలేదు.

ఆయన మంచం పట్టాక వెళ్లినప్పుడల్లా అదే మాట.

"ఏటయ్యా, పూసిందా?"

"నేదండి మేష్టారూ."

"అచ్ఛా. పై ఏడు సూద్దాం. నిప్పు మాత్రం పడనీకు."

"పడనివ్వనండి" అని గొప్పగా చెప్పేవాణ్ణి.

ఆయన కర్మల పనుల్లో నేనుండగా, వద్దని చెప్పేవాళ్లు లేక గ్యాంగువాళ్లు ఆ మలుపు కూడా కాల్చేశారు. ఆ తర్వాత కొన్నాళ్లకు వాళ్లను తిట్టడానికే వెళ్లాను. నల్లటి బూడిదలో పసుపు పువ్వులు గుంపుగా నిలబడి ఉన్నాయి. అక్కడే మోకాళ్ల మీద కూలబడ్డాను.

కాలితేనే పూసే మొక్క అది. మేష్టారికి మొక్కలు తెలుసు, నిప్పు సంగతి తెలియదు. గడ్డి కాల్చడం నా డ్యూటీ. కాలిన చోటే పచ్చిక ముందు లేస్తుందని ఏటా కళ్లారా చూసినవాణ్ణి. ఆయన మీద ప్రేమతోనే, ఆయన చూడవలసిన పువ్వును నా చేతులతో ఆపేశాను. ఎవరితో చెప్పుకున్నా ఈ బరువు దిగడం లేదు.

కాయ కట్టాలని పువ్వు కోయకుండానే తిరిగొచ్చి, మేష్టారింటి తలుపు తట్టాను. అమ్మగారు తలుపు తీశారు. నా మొహం చూడలేదు, పంట్లాం మోకాళ్ల దగ్గరి మసి చూశారు.

"పూసిందేటి బాబూ?"

తల ఊపాను. ఆవిడ అలవాటుగా కొంగు చేతిలోకి తీసుకుని, ఆ మసిని దులపబోయి, ఆగిపోయారు.