గుండుసూదులు పెట్టిన పేజీలు

ఆ దర్జీకి పుస్తకం చదవడం కూడా కుట్టుపనే. మంచం పట్టిన భార్యకు సాయంత్రం చదివి వినిపించబోయే పేజీలను మధ్యాహ్నమే చూసుకుని, మనుషులు చనిపోయే పేజీలన్నిటినీ ఒక్కచోట చేర్చి, లంగా అంచు మడిచినంత శ్రద్ధగా గుండుసూది గుచ్చేస్తాడు. "చదువుతున్నారా, కుడుతున్నారా?" అని లైబ్రరీ ఆవిడ కసురుకుంటుంది. నాజీల శిబిరాల నుంచి బతికి బయటపడ్డ యూదుల కథలంటే అతని భార్యకు ప్రాణం. అంత నరకంలోనూ ఒకరికొకరు ఎలా తోడున్నారో చూడండి అంటుంది. అందుకే ఆ పంచుకున్న రొట్టెముక్కలూ, చెల్లెలి కాళ్లకు అక్క చుట్టిన గుడ్డపీలికలూ మాత్రమే అతను మిగులుస్తాడు. అతను చదివే కథల్లో ఎవరూ చనిపోరు. ఇక ఆవిడను ఇంటికి తీసుకెళ్లిపొమ్మని డాక్టరు చెప్పినప్పటి నుంచి సూదులు మరీ ఎక్కువయ్యాయి.

నిన్న, ఒక తల్లి తన వాటా రొట్టె కూతురికి పెట్టేసి "నేను తినేశానులే" అనేదాకా చదివి, వేలు తడుపుకుని, సూది గుచ్చిన దళసరి పేజీల కట్టను ఒక్కసారే తిప్పేశాడు.

"ఆ తల్లి ఏమైందండీ?"

"కూతురు బతికింది. పెళ్లి కూడా చేసుకుంది."

"నేనడిగింది తల్లి సంగతి."

అతను కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తుడిచిన అద్దాలనే మళ్లీ తుడిచాడు.

"ఆ సూది తీసెయ్యండి," అంది ఆవిడ మెల్లగా. "నాకోసం కాదు. అమ్మ పోయాక ఆ పిల్ల ఎలా బతికిందో మీరు చదువుకోవాలి."

ఇన్నేళ్లూ సూదితోనే బతికిన ఆ వేళ్లకు, ఆ ఒక్క గుండుసూదీ ఎంతకీ చిక్కలేదు.