కారు కింద నాయన, పీట మీద అమ్మ

మా చిన్నప్పుడు... కన్నడ సీమలోని మిట్టేమరిలో మా ఇంటి ముందర ఒక పాత అంబాసిడర్ కారు ఉండేది. నాయన దాన్ని బాడుగకు తోలేవాడు. బాగేపల్లికి, చింతామణికి, ఒక్కోసారి పెళ్ళివాళ్ళతో గౌరిబిదనూరుకు. కొన్నప్పుడే అది పాతది. దారిలో నిలిచిపోతే మెకానిక్ ఎక్కడో దూరాన ఉండేవాడు. అందుకే రిపేరు తానే నేర్చుకుందామని, పుస్తకం కొనడానికి నాయన అమ్మనూ నన్నూ చింతామణికి తీసుకుపోయాడు.

పాత పుస్తకాల అంగడి. అంగడాయన రెండు పుస్తకాలు ముందర పెట్టాడు. ఒకటి ఇంగ్లీషుది, ఇటుకంత లావు, పేజీకొక బొమ్మ. ఇంకొకటి కన్నడది, పలచనిది, అట్ట కూడా సరిగా లేదు.

"లావుది తీసుకోప్పా. నట్టు నట్టుకూ బొమ్మ ఉండాది."

"బొమ్మలు సరే... చదివేదెవురు?" అని నాయన రెండూ అమ్మ చేతికిచ్చాడు.

నాయనకు చదువు రాదు. అమ్మ కన్నడ బడికి పోయింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ... మా వైపు అందరికీ అంతే. అమ్మ లావుది తెరిచి మూసేసింది. పలచనిదాంట్లో ఒక వాక్యం కళ్ళతో చూసి, తెలుగులో పైకి చెప్పింది. నాయన వెంటనే జేబులో చెయ్యి పెట్టాడు.

"పుస్తకం కారుకాప్పా, ఆయమ్మకా?" అని నవ్వాడు అంగడాయన.

"ఇద్దరూ మా ఇంటోళ్ళే కదప్పా," అన్నాడు నాయన.

ఇక బాడుగ లేని రోజున అదే పని. కారు కింద నాయన, కాళ్ళు మాత్రం బయట. పక్కన పీట మీద అమ్మ, ఒడిలో పుస్తకం, ముందర చేటలో ఒలిచే అవరెకాయలు, అదే అనపకాయలు. నేను వెనక సీట్లో.

"ముందర చిన్న బోల్టు ఇప్పాలంట. ఆమీట పెద్దది," అనేది అమ్మ.

"ఇప్పినా."

"ఏది ఇప్పినావు?"

"పెద్దది."

"నేను చదివేది ఎవరికప్పా, గోడకా?"

నాయన స్పానరుతో నేల మీద రెండుసార్లు తట్టేవాడు. టక్ టక్... అంటే, తర్వాతి వాక్యం చదువు అని. అమ్మ చేతిలో కాయ పక్కన పడేసి, వేలితో వరస వెతుక్కునేది.

నాయన పోయాక కారు కిందికి నేను చేరాను. పీట మారలేదు. అమ్మకు కళ్ళజోడు వచ్చింది, అంతే. నేనూ పెద్దగా మాట్లాడే మనిషిని కాదు... తట్టేవాణ్ణి.

తర్వాత అమ్మ కూడా పోయింది. కారు కొట్టంలో నిలిచిపోయింది. పుస్తకాన్ని చెదలు తినేశాయి.

ఈ మధ్య ఒకటే కోరిక... ఆ కారును నా చేతులతోనే బాగుచేసి, ఒక్కసారి చింతామణి దాకా పోయి రావాలని. మెకానిక్‌కు ఇస్తే అయిపోతుంది. ఇయ్యబుద్ధి కాలేదు.

మళ్ళీ పుస్తకం కోసం తిరిగాను. చిక్కబళ్ళాపురంలో ఒక అంగడి అబ్బాయి రెండు చూపించాడు. లావుది ఒకటి, పలచనిది ఒకటి... అవే మాదిరి.

"తాతా, లావుది తీసుకో. లేదంటే ఫోన్లో వీడియో చూడు, వాళ్ళే చేసి చూపిస్తాండారు."

మంచి మాటే. ఇంగ్లీషు కూడబలుక్కుని చదవడం ఇప్పుడు నాకూ వచ్చు. అయినా పలచనిది తెరిచి, ఒక వాక్యం తెలుగులో మెల్లగా పైకి చెప్పుకున్నాను. ఆ అబ్బాయి నా వైపు చూశాడు. సిగ్గేసింది. అదే కొనుక్కుని వచ్చేశాను.

మొన్న కారు కింద పడుకున్నాను. ఒక వాక్యం చదివి లోపలికి పోతాను... బోల్టు దగ్గరికి చేరేసరికి మరిచిపోతాను. మళ్ళీ బయటికి రావాలి, చేతులు తుడుచుకోవాలి, కళ్ళజోడు పెట్టుకోవాలి. పుస్తకం సరైనదే. చదివే గొంతే లేదు.

ఎట్లాగో చిన్న బోల్టు ఊడింది. ఆలోచించకుండానే స్పానరుతో నేల మీద రెండుసార్లు తట్టాను...

మళ్ళీ బయటికి వచ్చి, చేతులు తుడుచుకుని, కళ్ళజోడు పెట్టుకున్నాను.

ఇప్పుడు ఏ పనైనా ఫోనే నేర్పిస్తుంది. మన చెయ్యి ఎక్కడ ఆగిందో దానికి తెలియదు, చెప్పుకుంటూ పోతుంది. మీ ఇళ్ళలో, పని చేసేవాళ్ళ పక్కన కూర్చుని చదివి చెప్పినవాళ్ళు ఎవరో... రాయండి. నేను పైకే చదువుకుంటాను.