గుడ్డు చప్పుడు వినే చిన్నమ్మ

మా చిన్నమ్మ కోడిగుడ్డును చెవికి ఆనిచ్చుకొని, కండ్లు మూసుకొని వినేది. మా బొగ్గుబాయి కాలనీల అందరికి అదొక నవ్వులాట.

ఓ యేడు మోదుగులు పూసే దినాలల్ల దొర బంగ్లాల టర్కీ కోడిని నక్క ఎత్తుకపోయింది. మిగిలిన ఏడు గుడ్లు పట్టుకొని వంటాయన ఉరికొచ్చిండు.

"అక్కా, ఇవి పిల్లలు గాకపోతే దొరసాని నా నౌకరి తీస్తది."

"పరేషాన్ గాకు తమ్మీ," అని చిన్నమ్మ తన నాటుకోడిని ఆ గుడ్లమీద కూసోవెట్టింది. దినానికొక బొగ్గుగీత గోడమీద గీసింది.

కోడిపిల్లలైతే ఇరవై ఒక్క గీతలకే వస్తయి. ఇరవై నాలుగైనా ఒక్కటి రాలే. వంటాయన కండ్లల్ల నీళ్లు.

"గుడ్డు మాట్లాడుతుందా చెల్లె, నీ చెవుల గుబిలి మాట్లాడుతుందా?" అన్నది పక్కింటి ఖాలా.

చిన్నమ్మ గోరువెచ్చని నీళ్లల్ల ఒక్కో గుడ్డును మెల్లగ విడిచింది. నీళ్లు కదలకుంట ఉన్నయి గాని, గుడ్లు వాటంతటవే ఊగినయి.

"లోపల పానం ఉన్నది. పిట్ట పెద్దది. దాని దినాలు దానికి పెద్దగుంటయి," అని మళ్ల కోడికిందనే సదిరింది.

ఇరవై ఎనిమిదో గీత గీసిన పొద్దున ఆరు పిల్లలు పెంకు పగలగొట్టుకొని వచ్చినయి. మా చిన్నమ్మ నడుముమీద చెయ్యేసుకొని నిలవడ్డది, రాణి లెక్క.

ఏడో గుడ్డు ఖాలా చేతుల్ల ఉండె. చెవికి ఆనిచ్చుకొని కండ్లు మూసుకుంది.

"ఏమంటుంది ఖాలా?" అన్న నేను.

"జర ఆగు పిల్లా, చప్పుడు చెయ్యకు. లోపల కొడుతుంది."